నా మోకాలి బోల్టు

నేను కర్ర కంపాస్‌ని. పాఠ్యపుస్తకంలో నా పేరు వృత్తలేఖిని. పరీక్ష పేపరు తప్ప ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు. తిరువూరులో ఒక హైస్కూల్లో, లెక్కల మాస్టారి బీరువా పక్కన మేకుకు వేలాడుతుంటాను. ఒక కాలికి సుద్దముక్క బిగిస్తారు. రెండోకాలి ముల్లు ఎప్పుడో విరిగితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. మోకాలి దగ్గర బోల్టు వదులు. అందుకని నేను గీసే సున్నా బయల్దేరిన చోటికి రాదు, బొటనవేలంత పక్కకి పోతుంది. పిల్లలు చూసి "సార్, నత్త!" అంటారు.

నల్లబల్ల పక్కనే పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. నాడు-నేడు పథకంలో బాగుపడిన బళ్లకి 2023లో ఇలాంటివి వచ్చాయి. తొలిరోజుల్లో దానికి గుడ్డ కప్పి ఉంచేవారు, వాడితే పాడవుతుందని. వాడకపోతే ఏమవుతుందో నన్నడగండి.

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు దాటిన వారంలో మా గదిలోనే లెక్కల మాస్టార్లకి రెండ్రోజుల ట్రైనింగ్ పెట్టారు. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల నుంచి స్కూల్ అసిస్టెంట్లు వచ్చారు. మొదటి గంట హాజరుకీ ఓటీపీలకీ సరిపోయింది. రెండో గంట బటన్లు: ఇది నొక్కితే ఇది, అది నొక్కితే అది. సగంమంది ఆవులించారు. ట్రైనింగులన్నిటికీ పట్టే తెగులే ఇది.

ట్రైనింగ్ ఇవ్వడానికి ఆర్పీగా వచ్చినావిడ చిన్న వయసుది, తనూ టీచరే. ప్యానెల్ మీద జియోజెబ్రా అనే లెక్కల యాప్ తెరిచింది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో దీన్ని మొదలుపెట్టాడట. జామెట్రీ, ఆల్జీబ్రా కలిపి ఆ పేరు. ఫోన్లో ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుందనగానే వెనకబెంచీ మాస్టార్లు ముందుకి వంగారు.

అంతలో ప్యానెల్‌కి పూనకం వచ్చింది. ఎవరూ తాకకుండానే గీతలు గీస్తోంది. వైరస్సన్నారొకరు, వోల్టేజన్నారింకొకరు. అసలు సంగతి నాకు తెలుసు. ఆ తెర చుట్టూ చట్రంలో కంటికి కనపడని పరారుణ కాంతి అటూ ఇటూ పరుగెడుతుంటుంది. ఆ కాంతికి ఎక్కడ అడ్డం పడితే అక్కడ వేలు పెట్టారనుకుంటుంది ప్యానెల్. చట్రం అంచున పేరుకున్నది మా సుద్దపొడి. ఆవిడ కొంగుతో అంచులు తుడిచాక నెమ్మదించింది.

"ఎవరైనా చతురస్రం గీయండి" అంది. ఒక కుర్ర మాస్టారు లేచి, కంటి అంచనాతో నాలుగు చుక్కలు పెట్టి కలిపేశాడు. చూడముచ్చటగానే ఉంది. "ఇప్పుడొక మూల పట్టుకుని లాగండి." లాగితే గాలిపటంలా ఒరిగింది. నేతిబీరకాయలో నెయ్యెంతో అందులో చతురస్రం అంతే.

అప్పుడు మా పెద్ద మాస్టారు లేచారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. అలవాటుకొద్దీ మేకు మీంచి నన్ను తీసుకుని ప్యానెల్ మీద ఆనించేశారు. గదంతా "అయ్యో సార్!" ట్యూబుముక్క పుణ్యమా అని గీత పడలేదు కానీ, నా రెండు కాళ్లనీ రెండు వేళ్లనుకున్న ప్యానెల్, నన్ను విప్పేకొద్దీ బొమ్మని పెద్దది చేసుకుంటూ పోయింది. అందరితోపాటు ఆయనా నవ్వారు.

నన్ను బల్ల మీద పెట్టి, వేలితో మొదలుపెట్టారు. ఏబీ అనే గీత. ఏ దగ్గర లంబం. ఏ కేంద్రంగా, బీ మీదుగా ఒక వృత్తం. వృత్తం లంబాన్ని ఖండించినచోట మూడో మూల. ఆ మూల నుంచీ బీ నుంచీ మరో రెండు లంబాలు, అవి కలిసినచోట నాలుగోది. ఇక బీని పట్టుకుని ఎటు లాగినా అది పెరిగింది, తరిగింది, ఒరిగింది. చతురస్రంగానే ఉంది.

"వృత్తం ఎందుకు గీశారు మాస్టారూ?"

"భుజాలు సమానం కావాలంటే కంపాస్ తప్ప దిక్కేముందమ్మా?"

బల్ల మీద పడుకుని ఆ మాట విన్నాను. ప్యానెల్ వచ్చాక నన్ను శాశ్వతంగా మేకుకు తగిలించేశారనుకున్నాను. కర్ర వదిలేసి ప్యానెల్ లోపలికి వెళ్లానన్నమాట. ఇంకో సంగతి కూడా చెప్పారాయన. యూక్లిడ్ లెక్కలో కంపాస్‌ని పైకెత్తితే కాళ్లు మూసుకుపోయినట్టే. అందుకే ఒక పొడవుని ఇంకోచోటికి మోసుకెళ్లడం ఎలాగో తన మొదటి పుస్తకం రెండో ప్రతిపాదనలోనే నిరూపించుకున్నాడు. మోకాలు వదులు కావడం మా వంశంలోనే ఉందన్నమాట!

నా మట్టుకు ఆ రెండ్రోజుల్లో ఆ అరగంటే ట్రైనింగ్. మిగతాది బటన్లు.

ప్యానెల్ గొప్పా ఒప్పుకోవాలి. రెండోరోజు అర్ధవృత్తంలో కోణం చూపించారు. చాపం మీది చుక్కని వేలితో జరుపుతుంటే కోణం 90 దగ్గర కదలకుండా నిలబడింది. అదే నేనైతే పది బొమ్మలు గీయాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మాస్టారు నన్నందుకుని నల్లబల్ల మీద గీశారు. నా నత్త వృత్తంలో కోణం 87 వచ్చింది.

చివర్లో ఏమేం కావాలో రాయమని కాగితాలు పంచారు. నెట్ అని కొందరు, ఇన్వర్టర్ అని కొందరు రాశారు. మా మాస్టారు "కంపాస్‌కి ఒక బోల్టు, చెవుల నట్టు" అని రాశారు. ఇంకా రాలేదు. మీరెవరైనా తిరువూరు వైపు వస్తే ఒకటి జేబులో వేసుకుని రండి.