అరవయ్యో రోజు ఫొటో

మొదటి రోజు వార్మప్ పూర్తికాకముందే నాకు ఊపిరి అందలేదు.

తెల్లవారుజామున ఐదున్నర. హాల్లో సోఫా గోడకు జరిపి, టీపాయ్ బాల్కనీలో పెట్టి టీవీ ముందు నిలబడ్డాను. ఆ వ్యాయామం పేరు 'ఇన్‌సానిటీ'. షాన్ టీ అనే అమెరికన్ శిక్షకుడు 2009లో తెచ్చిన 60 రోజుల కార్యక్రమం. జిమ్ అక్కర్లేదు, డంబెల్స్ అక్కర్లేదు, కాళ్లూ చేతులూ ఆడేంత చోటుంటే చాలు. వారానికి ఆరు రోజులు చెయ్యాలి. మామూలుగా ఇలాంటి వాటిలో కాసేపు ఉధృతంగా చేసి, ఎక్కువసేపు సేదతీరుతారు. ఇక్కడ లెక్క తిరగబడింది. మూడు నిమిషాలు ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టాలి. ముప్పై సెకన్లు మాత్రమే ఆగాలి.

అప్పుడు నాకు 43 ఏళ్లు, బరువు 88 కిలోలు. ఆఫీసు వాళ్లు చేయించిన పరీక్షల్లో కొలెస్ట్రాల్ హద్దు దాటింది. గుంటూరులో డాక్టరుగా ఉన్న నా చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేస్తే, "ఈ వయసులో ఊరికే దూకడం మొదలుపెట్టకురా" అని ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, షుగరు, బీపీ అన్నీ చేయించి, రిపోర్టులు చూశాకే సరేనన్నాడు.

మొదటి రోజు పరీక్ష ఉంటుంది. ఎనిమిది రకాల వ్యాయామాలు, ఒక్కొక్కటి ఒక్కో నిమిషం. ఎన్ని చేయగలిగామో రాసుకుని, రెండు వారాలకోసారి మళ్లీ పోల్చుకోవాలి. దండీలు తీస్తూనే గెంతి కాళ్లు చాపి దగ్గరకు తెచ్చే 'పుషప్ జాక్స్' ఆ రోజు నేను చేసినవి ఆరు. మా ఆవిడ బీరువా తలుపుకు పట్టిక అంటించింది. అరవై గళ్లు. బీరువా అద్దానికి వీపు పెట్టి నిలబడితే, ఎదురుగా నిలబడి నా ఫోన్‌తో ఫొటో తీసింది.

"అరవయ్యో రోజు ఇక్కడే మళ్లీ తీస్తాను. తేడా చూసుకుందురు గాని" అంది.

రెండో రోజు గోడ పట్టుకుని మెట్లు దిగాను. మూడో రోజు నేల మీద భోజనానికి కూర్చుని, లేవడానికి మా అబ్బాయి చెయ్యి అడిగాను. అలవాటు లేని కండకు పని చెబితే రెండు మూడు రోజుల పాటు ఆ నొప్పి తప్పదు. అది తెలిశాక భయం పోయింది. నాలుగో రోజు కింది ఫ్లాటు పెద్దాయన వచ్చి, "బాబూ, మా ఫ్యాను ఊగుతోంది" అన్నారు. మందపాటి రబ్బరు చాప కొన్నాను. మడమల మీద కాకుండా ముని వేళ్ల మీద, మోకాళ్లు వంచి దిగడం నేర్చుకున్నాను. చప్పుడు తగ్గింది, మోకాళ్ల నొప్పీ తగ్గింది. అలసి నడుం వంగిపోతుంటే ఆగి, సర్దుకుని, మళ్లీ అందుకోవాలని తెలిసింది. పట్టుదలంటే ఆగకపోవడం కాదు, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం. దీన్ని ఇవాళ్టికీ నమ్ముతాను.

విజయవాడ మే నెల ఉక్క తెలిసిందే. పది నిమిషాలకే నేలంతా చెమట. నాకిచ్చే ముప్పై సెకన్ల విరామంలో మా ఆవిడ గుడ్డ తెచ్చి, నేను జారకుండా నేల తుడిచేది. ఐదింటికే లేచి సీసా నిండా నీళ్లు తెచ్చి పక్కన పెట్టేది. నేను తాగే లోపు తనే సగం తాగేసి మళ్లీ నింపేది. అవగానే రెండు గుడ్లు, మొలకెత్తిన పెసలు, రాగి జావ. రాత్రి ఎనిమిదిన్నరకే తనకు కళ్లు మూతలు పడేవి. నా కోసం పెందలాడే లేస్తోంది కదా అనుకున్నాను.

నడి రాత్రి రెండు మూడు సార్లు లేచి వెళ్లొచ్చేది. తలుపు చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. "పొద్దున్నే లేవాలి, నిద్ర చాలకపోతే ఒళ్లు తేరుకోదు" అన్నాను ఒకరోజు. మర్నాటి నుంచి పిల్లల గదిలో పడుకుంది.

ఐదో వారం కాస్త తేలిక. ఆ తర్వాత రెండో నెల అసలు పరీక్ష. ఒక్కో రోజు దాదాపు గంట పట్టేది. ప్రతి ఆదివారం పొద్దున బరువు చూసుకుని పట్టికలో రాసేవాణ్ని. ఒక ఆదివారం ఆవిడ పక్కన నిలబడి, "ఏమండీ, నాదీ ఓసారి చూడనా?" అంది. "ఉండు, ముందు నాది రాసుకోనీ" అన్నాను. రాసుకునేసరికి కుక్కరు కూత వేసింది. వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

అరవయ్యో రోజు పుషప్ జాక్స్ 27 చేశాను. బరువు 81 కిలోలు. చివరి గడిలో టిక్కు పెట్టి, అదే బీరువా ముందు అలాగే నిలబడ్డాను. ఆవిడ అదే చోట నిలబడి ఫొటో తీసింది. మొదటి రోజుదీ ఇదీ పక్కపక్కన పెట్టి, గుంటూరు స్నేహితుడికి పంపాను. 'చూడరా' అని రాశాను.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. శభాష్ అంటాడనుకున్నాను.

"ఒరేయ్, నీ వెనకాల అద్దంలో ఫొటో తీస్తున్నది చెల్లెమ్మేనా?"

"అవునురా."

"రెండు ఫొటోల్లోనూ తనేనా?"

నేను మాట్లాడలేదు. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అరవై రోజుల్లో మొదటిసారి నా వెనకాల ఏముందో చూశాను. మొదటి అద్దంలో నిండుగా ఉన్న మనిషి, రెండో అద్దంలో లేదు. బుగ్గలు పీక్కుపోయాయి. ఫోన్ పట్టుకున్న చేతికి గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి.

"దాహం ఎక్కువగా ఉంటోందా? రాత్రిళ్లు లేస్తోందా? రేపు పరగడుపున రక్తం ఇప్పించు" అన్నాడు.

పరగడుపు షుగరు 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అంటారు. ఆమెకు 312 ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 దగ్గర గీత గీస్తారు. ఆమెది 11.8. ఇన్సులిన్ చాలనప్పుడు చక్కెర కణాల్లోకి చేరక మూత్రంలో పోతుంది. దాంతో నీళ్లూ పోతాయి, అందుకే ఆ దాహం. తిన్నది ఒంటపట్టక శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. ఆసుపత్రి మిషను మీద ఆమె బరువు చూశారు. ఈ వ్యాయామం కోసం ఇంట్లో మిషను కొన్న రోజున అందరం సరదాగా ఎక్కి చూసుకున్నప్పటి ఆమె అంకె గుర్తుంది.

ఆ అరవై రోజుల్లో నేను తగ్గింది 7 కిలోలు. ఆమె తగ్గింది 9.

ఇప్పుడు మందులతో, నడకతో షుగరు అదుపులో ఉంది. ఆదివారం ఇద్దరం బరువు చూసుకుంటాం, ముందు ఆమెది. మీ ఇంట్లో ఎవరైనా ఏ ప్రయత్నమూ లేకుండా సన్నబడుతుంటే మెచ్చుకోకండి. మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే, రక్తపరీక్షకు తీసుకెళ్లండి.