తాబేటి కన్నీటికి టీకా తాత్పర్యం

మూలము:
నాన్నా, తాబేలు ఏడుస్తందేటి, పాపం!

అవతారిక: విశాఖ తీరాన మాఘమాసపు రాత్రి, ఇసుకలో గుడ్లు పెడుతున్న ఆలివ్ రిడ్లే తాబేటి మొహం మీద సెల్‌ఫోన్ లైటు పడగా, ఒక బాలకవి నోట వెలువడిన ఏకవాక్య కావ్యమిది. ఛందస్సు లేదు. కవికి ఏడెనిమిదేళ్లుంటాయి, కాలనిర్ణయం ఇంతకు మించి అక్కర్లేదు. తండ్రిగారు "అవును నాన్నా, పిల్లల్ని వదిలి వెళ్లాలి కదా, అందుకే" అని అక్కడికక్కడే ఒక వ్యాఖ్య చెప్పి, ఫొటో తీసుకున్నారు. ఆ వ్యాఖ్య లోకంలో బాగా చెల్లుబాటవుతున్నందున దాన్ని ఖండించడానికే ఈ టీక.

ప్రతిపదార్థము: నాన్నా = చేత లైటు పట్టుకొని నిలుచున్న ఓ పెద్దమనిషీ; తాబేలు = సుమారు నలభై కిలోల బరువును నాలుగు తెడ్లతో ఒడ్డుకు ఈడ్చుకొచ్చిన సముద్రపు కూర్మము; ఏడుస్తందేటి = కంటి కొలకుల నుండి చిక్కని ద్రవమును కార్చుచున్నది, ఎందులకు?; పాపం = ఈ పదం సంగతి చివర చెప్పబడును.

టీక: ముందు ఏడుపు అనబడే వ్యాపారాన్ని దగ్గరగా చూడాలి. తాబేలు వెనక తెడ్డును దోసిలిలా మడిచి, ఎడమదొకసారి, కుడిదొకసారి, ఇసుక తోడి మూరెడు లోతు గొయ్యి చేస్తుంది. నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి, ఆ చోటు మీద ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. ఇంత పని జరుగుతున్నంతసేపూ కంటి నుంచి జిగురులాంటి ధార కారి, చెంప మీది ఇసుకను పట్టుకొని వేలాడుతూ ఉంటుంది. చూసినవారి గుండె కరగడంలో తప్పు లేదు.

పూర్వపక్షము: ప్రసవవేదన అని కొందరు. మాతృశోకమని మరికొందరు. కంట్లో ఇసుక పడిందని వాస్తవికులు.

శంక: ప్రసవవేదనయే అయితే మగ తాబేలు ఏడవకూడదు గదా? 
సమాధానము: ఏడుస్తుంది. పుట్టి నీళ్లలో దిగాక మగది మళ్లీ ఒడ్డెక్కడం అరుదు కనుక దాని ఏడుపు ఎవరి ఫొటోలోనూ పడలేదు. 
శంక: మాతృశోకమైతే? 
సమాధానము: తల్లి గొయ్యి పూడ్చి వెనక్కి చూడక వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు పైకొస్తాయి. అవి తల్లిని చూడవు, తల్లి వాటిని చూడదు. ఆ పిల్లలకూ పుట్టుకతోనే ఈ కన్నీళ్లున్నాయి. వాటికేం శోకమని చెబుతారు? 
శంక: ఇసుక? 
సమాధానము: ధార ఇసుకను కడుగుతుంది, అది లాభమే. కాని ఇసుక లేని నడిసముద్రంలోనూ కారుతుంది. అక్కడ నీళ్లలో నీళ్లు కనుక కనబడదు.

సిద్ధాంతము: కారేది ఉప్పు. ఇదే ఈ గ్రంథానికి ప్రాణం గనుక కొంచెం విస్తరిస్తున్నాము.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. తాబేటి రక్తంలో అందులో మూడో వంతే. ఆలివ్ రిడ్లే తినేవి పీతలు, రొయ్యలు, జెల్లీచేపలు. వాటి ఒంట్లోని నీరూ సముద్రమంత ఉప్పే. మింగిన ప్రతిదానితోనూ ఉప్పు లోపలికి పోతోంది, బయటికి పంపే దారి కావాలి. తాబేటి మూత్రపిండానికి రక్తం కంటే ఉప్పగా మూత్రం చేసే శక్తి లేదు. అందుకని ఆ కొలువును రెండు కళ్ల వెనకాల ఉన్న గ్రంథులు చేస్తాయి. అవి కార్చే కన్నీరు సముద్రపు నీటికి దాదాపు రెట్టింపు ఉప్పన. లెక్క చూడండి: లీటరు ఉప్పునీటి ఉప్పంతా అర లీటరు కన్నీటిలో పోతే, మిగతా అర లీటరు తాగునీరైంది. సముద్రం మధ్య కూర్చొని కరెంటు బిల్లు లేకుండా మంచినీళ్లు తయారు చేసుకుంటోందన్నమాట. దాన్ని పట్టుకొని ఏడుస్తోందంటున్నాం. జెల్లీచేపల మీదే బతికే తోలుపెంకు తాబేలుకు ఈ గ్రంథులు మెదడు కంటే పెద్దవి. ఏది ముఖ్యమో ప్రకృతికి తెలుసు.

సముద్రపు సరీసృపాల ఉప్పు గ్రంథుల గురించి 1958లో క్నూట్ ష్మిట్-నీల్సన్, రాగ్నార్ ఫాంగే ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అయితే తొలి ఘనత మరొకరికి ఇవ్వవలసి ఉంటుంది. 1865 నాటి లూయిస్ కారల్ ‘ఆలిస్’ కథలో వెక్కి వెక్కి ఏడ్చే తాబేలొకటుంది. దానికి ఏ దుఃఖమూ లేదు, అంతా దాని ఊహేనని పక్కనున్న గ్రిఫిన్ అనే వింత జంతువు తేల్చేస్తుంది. శాస్త్రజ్ఞుల కంటే 93 ఏళ్లు ముందు! కారణం మాత్రం చెప్పలేదు; వ్యాఖ్యాతలకు అది మామూలే.

విశేషము: ఈ ఉప్పు బాధ ఒక్క తాబేలుదే కాదు. సముద్రపు పక్షులకు ముక్కులోంచి కారుతుంది. గాలాపగోస్ సముద్రపు ఇగువానా తుమ్మి పారేస్తుంది. ఉప్పునీటి మొసలికి ఆ గ్రంథులు నాలుక మీద ఉన్నాయి. ‘మొసలి కన్నీరు’ అని దాన్ని ఆడిపోసుకున్న మనం దాని నోరు తెరిచి చూడలేదు, అది క్షంతవ్యమే. ముక్కులోంచి కారితే జలుబన్నాం, తుమ్మితే దూరం జరిగాం, కంటి దగ్గర కారితే కవిత్వం చెప్పాం. గ్రంథి రెండంగుళాలు పక్కన ఉండి ఉంటే మూలకర్త "తాబేలుకు పడిశం పట్టిందేటి" అని ఉండేవాడు. శ్రీకూర్మం గుడిలో తిరిగే నక్షత్ర తాబేళ్లకు ఈ బెడదే లేదు. నేల మీద ఆకులు తినేవాటికి అంత ఉప్పెక్కడిది? సముద్రానికి బహుదూరమైన పడమటి అమెజాన్‌లో నది తాబేళ్ల కన్నీళ్ల మీద సీతాకోకచిలుకలు వాలి తాగుతాయి. అక్కడ ఉప్పు దొరకదు. ఆ కన్నీటికి నిజమైన విలువ కట్టిన రసికులు వాళ్లే.

అలంకారము: ఉత్ప్రేక్ష అని తండ్రిగారు. భ్రాంతిమంతమని మేము.

ఇక ‘పాపం’. ఇది ప్రక్షిప్తమనీ, పక్కనున్న తల్లిగారి మాట బాలుడి వాక్యంలో కలిసిందనీ ఒక వాదన. మా మతంలో పదం అసలైనదే, చోటు తప్పింది. అదే తీరానికి ప్రతి ఏటా జనవరి నుంచి మార్చి దాకా తాబేటి కళేబరాలు కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. ట్రాల్ వలలో చిక్కి, పైకి రాలేక, ఊపిరాడక చస్తుంది. తాబేలు బయటపడే తలుపును వలకు అమర్చుకోవచ్చు. దాంతో కొంత చేప కూడా జారిపోతుందని బోటు వాళ్ల బాధ. డీజిల్ ఖర్చు పెట్టేది వాళ్లు గనుక ఆ మాట కొట్టేయకూడదు, నష్టం ఎవరు భరించాలో ప్రభుత్వం తేల్చాలి. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అప్పటికి గుడ్ల కాలపు ముమ్మరం దాటిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలో, ఈ తాబేలు ఉంది; అయినా కళేబరాలు వస్తూనే ఉన్నాయి. ‘పాపం’ అన్న మాటకు అన్వయం ఆ కళేబరం దగ్గర కుదురుతుంది.

తాత్పర్యము: నాయనా, అది ఏడవడం లేదు, ఉప్పు పారబోసుకుంటోంది.

ఫలశ్రుతి: ఈ టీకను చదివినవారు రాత్రివేళ తాబేలు కనబడితే పది గజాలు వెనక్కి జరిగి, లైటు ఆర్పి, మాట్లాడకుండా నిలబడాలి. వెలుతురుకు తల్లి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. పిల్లలైతే వీధిలైట్లే సముద్రమనుకొని రోడ్డెక్కుతాయి. గొయ్యి కనిపిస్తే తవ్వకండి. అటవీశాఖ వాళ్లకు కబురు చెయ్యండి, గుడ్లను హేచరీకి చేర్చే పని వాళ్లు చూసుకుంటారు.