కరెంటు పోతే ఖాతరు చేయొద్దు: సూపర్ కెపాసిటర్ కొనేవారికి చిట్కాలు

మీ రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు మెమరీ కార్డు మీద ఏదో రాసుకుంటూ ఉంటుంది. కరెంటు పోయాక అది ఫైలు మూసి పద్ధతిగా ఆగడానికి పది సెకన్లు కావాలి. అంతే కదా!

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 5.5 వోల్టులు, 1 ఫారడ్ అని రాసున్న సూపర్ కెపాసిటర్ బిళ్ల అడగండి. డేటాషీట్ ఊసెత్తి షాపాయన్ని ఇబ్బంది పెట్టొద్దు. గడియారం చిప్‌కి మైక్రోఆంపియర్లు అందించడానికి చేసిన ఇలాంటి బిళ్లల్లో ఈఎస్‌ఆర్ అనే లోపలి నిరోధం 30 ఓమ్‌లు కూడా ఉండొచ్చు. బోర్డు 600 మిల్లీఆంపియర్లు లాగాలంటే లోపలే 18 వోల్టులు ఖర్చవాలి. బోర్డు లైనులో ఉన్నవి అయిదే. ఓమ్ తన నియమం ప్రకటించింది 1827లో, అదీ జర్మనీలో. మన కోఠీ సరుక్కి వర్తిస్తుందా ఏమిటి?

లెక్క వేయకుండా ఉండలేకపోతే సులువైనదే వేయండి. ఫారడ్లని వోల్టుల వర్గంతో గుణించి సగం చేస్తే 12.5 జౌళ్లు. బోర్డు తినేది 3 వాట్లు. అంటే నాలుగు సెకన్లు. మూడు బిళ్లలు పక్కపక్కన కలిపితే పన్నెండు. ఇక్కడ ఆగిపోండి. 4.63 వోల్టుల దగ్గరే బోర్డు వోల్టేజీ చాలదని మొత్తుకుంటుందనీ, అయిదు నుంచి అక్కడికి దిగేలోపు ఒక ఫారడ్ నెట్టుకొచ్చేది అర సెకను పైచిలుకేననీ తెలిస్తే నిద్ర పట్టదు. వోల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టర్ తగిలిస్తే వోల్టేజీ సగానికి పడేలోపు ముప్పావు వంతు శక్తి బయటికి లాగొచ్చు, నిజమే. కానీ బిళ్ల చూడముచ్చటగా ఉంది.

2.7 వోల్టుల పెద్ద సెల్లులు రెండు సిరీస్‌లో పెట్టమని ఎవరైనా అంటే పెట్టండి. ఒక్కోటి 10 ఫారడ్లయితే మొత్తం ఇరవై అని ధైర్యంగా చెప్పండి. అయిదేనని గొణిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. బ్యాలెన్సింగ్ రెసిస్టర్లు దండగ. ఒకే పెట్టెలో పుట్టిన అన్నదమ్ములు వోల్టేజీ సమంగా పంచుకోరా? (ఆస్తి పంపకాలు చూసినవాళ్లు ఈ వాక్యం దాటేయొచ్చు.)

చోటు చాలకపోతే రెగ్యులేటర్ హీట్‌సింక్‌కి ఆనించి పెట్టండి. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమైపోతుందట, ఎవరు కూర్చుని లెక్కపెడతారు?

ఖాళీ కెపాసిటర్ మొదట షార్ట్ సర్క్యూట్‌లా కరెంటు మింగేస్తుంది. కరెంటుని అదుపు చేసే ఏర్పాటేమీ పెట్టొద్దు. అడాప్టర్ చేతులెత్తేస్తే అడాప్టర్‌నే తిట్టండి.

అంతా బిగించాక ప్లగ్గు పీకి పరీక్షించే పని మాత్రం పెట్టుకోకండి. కరెంటాఫీసువాళ్లు ఆ పరీక్ష ఎలాగూ ఉచితంగా చేసిపెడతారు.