మూవింగ్ కాయిల్‌కు ప్రీయాంప్: వినకూడని ఐదు సలహాలు

టర్న్‌టేబుల్‌కు మూవింగ్ కాయిల్ కాట్రిడ్జ్ కొన్నవాడికి సలహాలు చెప్పేవాళ్లు కొండాపూర్‌లో కూడా దొరుకుతారు. కింద రాసినవన్నీ నేను విని, పాటించి, నష్టపోయినవి. లెక్కలు మాత్రం నా దగ్గరున్న డెనాన్ డీఎల్-103వి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల్లో రూపొందిన కాట్రిడ్జ్ ఇది.

1. "ఫోనో అని రాసుంది కదన్నా, గుచ్చెయ్."
చాలా యాంప్లిఫయర్లలో ఆ సాకెట్ మూవింగ్ మాగ్నెట్ కోసం పెట్టింది. మాగ్నెట్ రకం 3 నుంచి 5 మిల్లీవోల్టులిస్తుంది. డీఎల్-103 ఇచ్చేది 0.3. ఆ సాకెట్‌లో ఉండే 40 డెసిబెల్స్ గెయిన్ అంటే వంద రెట్లు. మనకు కావలసింది వెయ్యి రెట్లు, అంటే 60. వాల్యూమ్ తిప్పి సర్దుకుందామనుకున్నాను. ఘంటసాల భగవద్గీతలో శ్లోకానికీ శ్లోకానికీ మధ్య బుస్సుమనే చప్పుడే వినిపించింది.

2. "గెయిన్ ఎంతుంటే అంత మంచిది."
కాదు. 70 డెసిబెల్స్ పెడితే మామూలు సిగ్నలే ఒక వోల్టు దాకా పోతుంది. రికార్డులో గట్టి చోట్లు దానికి ఎన్నో రెట్లు. అక్కడ గొంతు చీలిపోతుంది.

3. "కాయిల్ 40 ఓములైతే లోడ్ కూడా 40 పెట్టు."
లోడ్ అంటే కాట్రిడ్జ్‌కు ప్రీయాంప్ వైపు కనిపించే నిరోధం. జత కుదర్చడమంటే సమానం చేయడం కాదు. అలా పెడితే సగం సిగ్నల్ కాయిల్‌లోనే పోతుంది. 100 ఓములకు తగ్గవద్దు. కాయిల్‌కు పది రెట్లు, అంటే 400 దగ్గర, మొదలుపెట్టి చెవితో తేల్చుకోండి.

4. "స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దదైతే అంత లాభం."
1:10 రకం 0.3ని 3 చేస్తుంది. దాని వెనకాల మాగ్నెట్ సాకెట్‌లో 47,000 ఓములుంటే కాట్రిడ్జ్‌కు 470గా కనిపిస్తుంది. హాయిగా సరిపోతుంది. 1:40 పెడితే 12 మిల్లీవోల్టులు రావాలి. కానీ లోడ్ 29 ఓములకు పడిపోయి, వచ్చేది 5 మాత్రమే.

5. "గుంయ్‌మంటే ప్లగ్గుకు ఎర్త్ పిన్ను పీకెయ్."
ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఆ గుంయ్ మన కరెంటుది, 50 హెర్ట్జ్‌ది. రికార్డుల కోసం ప్రీయాంప్ చేసే సవరణ ఆ 50 హెర్ట్జ్‌ను నడిమి స్వరాల కంటే 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు, పెంచుతుంది. అందుకే చిన్న లోపం కూడా మోగుతుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న ఎర్త్ వైరును ప్రీయాంప్ స్క్రూకు బిగించండి. ప్రీయాంప్‌ను స్టెబిలైజర్‌కు దూరంగా పెట్టండి. ఎండాకాలం నేల ఎండితే ఎర్త్ గుంటలో నీళ్లు పోయండి. పిన్ను మాత్రం ముట్టుకోకండి.

కాట్రిడ్జ్ డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. అందులో ఎన్ని మిల్లీవోల్టులో, ఎన్ని ఓములో రాసి ఉంటుంది. ప్రీయాంప్ కొనడానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకెళ్లండి.