మంత్రశక్తియు, జమాఖర్చులును

మాంత్రికుడనగానే, 1951లో ‘పాతాళభైరవి’ చూచిన తరమువారికి ఎస్.వి. రంగారావుగారి గడ్డము, ఆ గడ్డము వెనుక ఒక గుహ, ఆ గుహలో ఒక దురాలోచన, దానికి తాళము వేయుటకు ఒక శిష్యుడు మాత్రమే స్ఫురింతురు గాని, అట్టి మహానుభావునకు కూడ తాతగారి చీవాట్లు, అన్నదమ్ముల అలుకలు, ఇంటి పద్దుల తగాదాలు ఉండవచ్చునను సంశయము కలలోనైన కలుగదు.

కెనడాలో జన్మించిన ఫోండా లీ అను రచయిత్రి 2017లో ప్రకటించిన ‘జేడ్ సిటీ’ అను నవల ఈ కొరతను నిండుగా తీర్చినది. కెకాన్ అను కల్పిత ద్వీపమునందు, కార్లును టెలిఫోనులును గల జాన్లూన్ మహానగరమున, నో పీక్, మౌంటెన్ అను రెండు వర్గములవారు పేటలకు పేటలు పంచుకొని ఏలుచుందురు. వీరి ప్రాభవమంతయు జేడ్ అను పచ్చని రాతియందున్నది. దానిని ధరించి సాధన చేసినవానికి ఆరు శక్తులు అబ్బును: అందొకటి మన అష్టసిద్ధులలోని లఘిమకు దగ్గరి చుట్టము, ఒకదానివలన దేహము కత్తికి లొంగదు, వేరొకదానివలన ఎదుటివాని గుండె దడ తెలిసి, వాడు బొంకుచున్నాడో లేదో బోధపడును. మితిమీరి ధరించినచో దురద పుట్టి, మతి చలించును. అయినను ఎవ్వరును మానరు. నో పీక్ వర్గమును ఏలు కౌల్ వంశమున రెండవ మనుమడైన హీలో తన రాళ్ళు పదిమంది కంట పడవలెనని చొక్కా పై గుండీలు విప్పుకొని తిరుగును. పెండ్లి పందిట్లో ఉక్కపోత నెపమున గుండీలు విప్పి, పులిగోరు గొలుసును లోకమునకు దర్శన మిప్పించు మా దూరపు బంధువు నాకప్పుడు గుర్తుకు వచ్చెను. ఆయన గాలిలో ఎగురలేడు, అంతే తేడా.

ఇక ఆ ఇంటి తాతగారు కౌల్ సెన్ విషయము. పరదేశీయుల పాలననుండి దేశమును విడిపించిన యోధుడు. ఇప్పుడు కిటికీ చెంత కుర్చీలో కూర్చుండి, పోయిన కొడుకు ఎంతటివాడో బ్రతికియున్న మనుమలకు వినిపించుటయే పనిగా పెట్టుకొనెను. వర్గమునకు పెద్దయై, నగరమున సగము గడగడ వణుకునట్టి పెద్ద మనుమడు లాన్ కూడ, ఈ ముసలాయన ఎదుట బడికి ఎగనామము పెట్టి దొరికిపోయిన పిల్లవానివలె నిలుచుండును. ఉక్కు దేహము కత్తినాపునేమో గాని, పెద్దల ఎత్తిపొడుపు నాపగల రాయి ఏ గనిలోను దొరకినట్లు లేదు.

నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది మాత్రము మనుమరాలు షే. పరదేశమున చదువుకొని, ఒంటిమీద రాయి ఒక్కటియు లేకుండ తిరిగివచ్చిన ఈ పిల్లను, జేడ్ గనుల లెక్కలు ఒకసారి చూచిపెట్టుమని అన్న లాన్ అడుగును. చూడగా, త్రవ్విన రాతికిని ఖజానాలో జమయైన రాతికిని పొంతన కుదరదు. ప్రత్యర్థి వర్గము చాటుమాటుగా రాళ్ళు తరలించుకొని పోవుచున్నది. తమ ఇంటి ఆర్థిక వ్యవహారములు చూచు డోరుగారికి ఇందులో భాగమున్నదని తేలును. ఈ పెద్దమనిషి తాతగారికి చిరకాల మిత్రుడు. గుండె చప్పుడు వినగల దిగ్దంతుల నడుమ ఏండ్ల తరబడి నిబ్బరముగా మసలినవాడు! దివ్యజ్ఞానమునకు చిక్కని దొంగ కూడికలు తీసివేతలకు చిక్కెను.

ఈ గ్రంథమునకు 2018లో వరల్డ్ ఫాంటసీ పురస్కారము లభించినది. నా వోటు కత్తియుద్ధములకు గాదు, ఆ పద్దులు తిరుగవేసిన ఘట్టమునకే. కావున ఏ దేవతయైన ప్రత్యక్షమై వరము కోరుకొమ్మన్నచో, నేను అణిమాది సిద్ధుల జోలికి పోను. మా ఉమ్మడి మామిడితోట లెక్కలు తిరుగవేయుటకు షే వంటి మేనకోడలిని ప్రసాదింపుమందును. ఆ లెక్కలు తేలిననాడు మా వంశమున ఎందరికి మంత్రము రాకపోయినను మాయమగు విద్య పట్టుబడునో, ఆ దేవతయే చూచి ఆనందించుగాక!