స్టార్ బ్యాచ్

మా బావగారు ముప్ఫై ఏళ్ళపాటు విజయవాడలో ఇంటర్ పిల్లల్ని జల్లెడ పట్టారు. ఓ కార్పొరేట్ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్. వారం వారం పరీక్ష పెట్టడం, మార్కుల్ని బట్టి పిల్లల్ని ఒక సెక్షన్లోంచి పీకి ఇంకో సెక్షన్లో పడేయడం, స్టార్ బ్యాచ్ జాబితా గోడకి అంటించడం ఆయన పని. రిటైరయ్యారు గానీ చెయ్యి ఊరుకోదు. అరిజోనాలోని చాండ్లర్‌లో మా ఇంటికొచ్చిన వారం తిరక్కుండానే మా కాంప్లెక్సులో ఉన్న తెలుగు పిల్లలందరికీ ర్యాంకులు ఇచ్చేశారు. వాళ్ళ అమ్మలకి ముఖం చూపించలేక మా అక్క వాకింగ్ మానేసింది.

అది 2017 అక్టోబరు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆయనకి ఆనలేదు. గ్రాండ్ కాన్యన్ చూసి కూడా "లోతుగానే ఉంది" అని ఊరుకున్నారు. ఇక లాభం లేదని ఓ సోమవారం సాయంత్రం స్కాట్స్‌డేల్ స్టేడియానికి తీసుకెళ్ళాను. అక్కడ మాత్రం మనిషి లేచి కూర్చున్నారు. ఆట నచ్చి కాదు, అక్కడ మనుషులకి మార్కులు వేస్తున్నారని తెలిసి.

అక్కడ ఆడేది బేస్‌బాల్. ఈ అరిజోనా ఫాల్ లీగ్ 1992లో మొదలైంది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఆరు జట్లు. మేజర్ లీగ్‌లోని ముప్ఫై క్లబ్బులూ తమ కింద మైనర్ లీగుల్లో ఎదుగుతున్న కుర్రాళ్ళలోంచి కొందర్ని ఏరి, సీజన్ ముగిశాక ఇక్కడికి పంపుతాయి. అయిదు క్లబ్బుల పిల్లలు కలిస్తే ఒక జట్టు. టోపీ అందరిదీ ఒకటే, చొక్కా మాత్రం ఎవరి క్లబ్బుది వాళ్ళదే. గెలిచినా ఓడినా అడిగేవాడు లేడు. జనం కూడా పలచగానే ఉంటారు. హోమ్ ప్లేట్ వెనక వరసల్లో మాత్రం గడ్డి టోపీలు, స్టాప్‌వాచీలు, రాడార్ గన్నులు, ఒళ్ళో నోటు పుస్తకాలు. వాళ్ళే స్కౌట్లు. ఆరేడు వారాలపాటు ఒకే కుర్రాణ్ణి పదిమంది పదివైపుల నుంచి చూస్తూ రాసుకుంటుంటారు.

"మన రంజీ లాంటిదా?" అన్నారు బావగారు.

"రంజీ అయిపోయాక పెట్టే స్పెషల్ క్లాసులు అనుకోండి."

అంతే, అర్థమైపోయింది. మార్కులు ఇరవై నుంచి ఎనభై దాకానే వేస్తారనీ, మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడికి యాభై అనీ చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "ఏమీ రానివాడికి కూడా ఇరవై గ్రేస్ మార్కులా? వందకి వంద ఎవడికీ రాదా? ఇదేం పేపరు?" కొట్టడం, బలం, పరుగు, విసురు, పట్టు, ఈ అయిదూ అయిదు సబ్జెక్టులన్నాను. కాస్త శాంతించారు. కుడిచేతి బ్యాటర్ బంతి కొట్టి మొదటి బేస్‌కి 4.3 సెకన్లలో చేరితే మామూలు, నాలుగు సెకన్లలో చేరితే గొప్ప అన్నాను. ఇక ఆట అయ్యేదాకా ఫోన్లో స్టాప్‌వాచ్ దించలేదు.

1994లో బాస్కెట్‌బాల్ మహారాజు మైకేల్ జోర్డాన్ కూడా ఈ లీగ్‌లోనే స్కాట్స్‌డేల్ స్కార్పియన్స్ జట్టుకి ఆడి, .252 సగటు తెచ్చుకున్నాడని చెప్పాను. అతన్ని తీసుకున్న వైట్ సాక్స్ క్లబ్బుకీ, అతను బాస్కెట్‌బాల్ ఆడిన బుల్స్‌కీ యజమాని ఒకడే అనేసరికి బావగారి కళ్ళు మెరిశాయి.

"మేనేజ్‌మెంట్ కోటా అన్నమాట!"

శుక్రవారం మళ్ళీ వెళదామన్నది ఆయనే. ఈసారి స్కౌట్ల వరసలోనే కూర్చోవాలని పట్టుబట్టి, ఓ పాతికేళ్ళ కుర్రాడి పక్కన చోటు సంపాదించారు. ఆ కుర్రాడు మామూలు టీ షర్టులో ఉన్నాడు. చేతిలో రాడార్ గన్, ఒళ్ళో క్లిప్‌బోర్డు. ప్రతి బంతికీ గన్ ఎత్తడం, వేగం చూడడం, గడుల కాగితంలో ఏదో గుర్తు పెట్టడం. బావగారికి తన వారసుడు దొరికినట్టయింది. చొరవగా పలకరించి, మన ఇంగ్లీషులోనే ఇంటర్వ్యూ మొదలుపెట్టారు. కుర్రాడు ప్రతి మాటకీ "సార్" అంటున్నాడు. అది ఆయనకి మరీ నచ్చింది.

"ఈ మార్కుల్ని బట్టి ఎవడు పైకొస్తాడో చెప్పేయొచ్చు కదా?"

కుర్రాడు నవ్వాడు. "నేను ఇద్దర్ని చెబుతాను సార్, ఎవరిని తీసుకుంటారో మీరు చెప్పండి. ఇద్దరినీ ఎంచుకున్నది ఏంజెల్స్ క్లబ్బే. ఇద్దరూ మొదటి రౌండులోనే ఎంపికైనవాళ్ళు. ఒకడు 2005లో ఇక్కడికొచ్చి 14 హోమ్ రన్లు కొట్టాడు. అది ఈ లీగ్ రికార్డు. ఇంకొకడు 2011లో వచ్చాడు. కొట్టింది ఒక్కటే హోమ్ రన్. సగటు .245. అంటే నాలుగుసార్లు దిగితే ఒక్క హిట్టు కూడా సరిగ్గా లేదు. వచ్చినప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాడు."

బావగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మొదటివాడు స్టార్ బ్యాచ్. రెండోవాడికి ఇంకో ఏడాది కోచింగ్ ఇప్పించాలి."

"మొదటివాడు బ్రాండన్ వుడ్ సార్. మేజర్ లీగ్ కెరీర్ మొత్తం సగటు .186, హోమ్ రన్లు 18. రెండోవాడు మైక్ ట్రౌట్. మరుసటి ఏడాదే .326 కొట్టి, ఒక్క ఓటు కూడా పోకుండా ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఇప్పటికే రెండుసార్లు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్."

బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "లక్షలో ఒకడు అలా ఉంటాడయ్యా. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు."

కుర్రాడు వాదించలేదు. ఇక్కడి అంకెల్ని అంతగా నమ్మకూడదన్నాడు. పొడిగాలికి బంతి దూరం పోతుంది. బంతి వేసే పిచ్చర్లు ఏడాదంతా వేసి వేసి చేతులు పడిపోయి వస్తారు, లేదా దెబ్బ తగిలి నెలల తరబడి ఆడక, ఆ లోటు పూడ్చుకోడానికి వస్తారు. కొందరికైతే క్లబ్బే చెప్పి పంపుతుంది: కొత్తగా నేర్చుకున్న బంతే వెయ్యి, ఎన్ని పరుగులు పోయినా పరవాలేదు అని. ఆ పరుగులన్నీ అతని పేరు మీదే పడతాయి, వెనకున్న కథ స్కోరుబోర్డు మీద పడదు. కొత్త రూల్స్ కూడా ముందు ఇక్కడే పరీక్షిస్తారట. ఎడాపెడా సమయం తినేయకుండా పిచ్చర్‌కి గడియారం పెట్టడం 2014లో ఈ లీగ్‌లోనే చేసి చూశారు.

ఇంత ఓపిగ్గా చెప్పేవాణ్ణి నేనైతే వినేవాణ్ణి. బావగారు తన వంతు కోసం కాచుక్కూచున్నారు.

"సరేగానీ బాబూ, సోమవారం మేమొచ్చాం. ఆ రోజు మొదట బంతి వేసిన కుర్రాడొకడు, పొడుగ్గా, గడ్డం... వాడి సంగతేంటి? ఒకటే బాదుడు. రెండో ఇన్నింగ్సుకే నాలుగు పరుగులిచ్చాడు. బంతి వెయ్యడం, కొట్టించుకోవడం, మళ్ళీ అలాంటిదే ఇంకోటి వెయ్యడం. బుర్ర ఉందా అసలు?"

కుర్రాడు గన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీరైతే ఎంత వేస్తారు సార్?"

"మీ ఇరవై ఉందిగా, అదే. గ్రేస్ మార్కులు." బావగారు హుషారుగా ముందుకు వంగారు. "చూడు బాబూ, ముప్ఫై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. అలాంటి పిల్లల్ని మొహమాటానికి పోయి నెట్టుకురాకూడదు. వాళ్ళ బతుకే పాడవుతుంది. నీకిది రాదు నాయనా, ఇంకో ఉద్యోగం చూసుకో అని మొహం మీదే చెప్పాలి. పాపం, వాడికెవరూ చెప్పినట్టు లేదు. ఎవరో ఒకరు చెప్పాలి."

మైదానంలో ఇన్నింగ్సు అయిపోయింది. కుర్రాడు గడుల కాగితం క్లిప్పులోంచి తీసి మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. నిలబడితే గానీ తెలియలేదు, ఆరడుగుల పైమాటే. గడ్డం నిమురుకుంటూ బావగారితో చెయ్యి కలిపాడు.

"చెప్పారుగా సార్, ఇప్పుడే. రేపు మళ్ళీ నేనే వేస్తున్నాను. తప్పకుండా రండి, పెద్దవాళ్ళకి టికెట్టు మీద తగ్గింపు ఉంది."