సియాటెల్‌లో దానకర్ణుడు

1909లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులను నిషేధిస్తూ చట్టం చేసింది. టిప్పు అనేది దొరల అలవాటు, అందరూ సమానమనుకునే దేశానికి అది పనికిరాదని అప్పటివాళ్ళ వాదన. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 1926 నాటికి అన్ని చట్టాలూ రద్దయిపోయాయి. వాటిలో ఒక్కటి, ఆ వాషింగ్టన్‌ది బతికున్నా, అమ్మాయి పురుటికని సియాటెల్ వెళ్ళినప్పుడు మా ఆవిడ ముందు నా గుట్టు రట్టయ్యేది కాదు.

నాది పాలకొల్లు, కొబ్బరికాయల వ్యాపారం. కొసరు అడగకుండా కొనడం, బేరం ఆడకుండా బండెక్కడం మా ఇంటా వంటా లేవు. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కారు మాట్లాడుకుంటే, ఈతకోట టోల్‌గేటు డబ్బులు ఎవరివన్న చర్చ సిద్ధాంతం వంతెన దాటి, మార్టేరు దాకా సాగాల్సిందే. ఒప్పుకున్న దానికి పైసా ఎక్కువివ్వను. ‘ఎక్కువిస్తే అలవాటు పడిపోతారు’ అంటాను. పోస్టుమేన్ దసరా మామూలుకి వచ్చే రోజుల్లో కూడా నేను సరిగ్గా అదే పూట దొడ్లో ఉండేవాణ్ణి.

అలాంటి నేను దుబాయ్ మీదుగా వెళ్ళి సియాటెల్‌లో దిగాను. అల్లుడుగారు ఫోన్‌లో బండి పంపిస్తానన్నారు గానీ, నా ఫోను ఆ దేశంలో నోరు విప్పలేదు. టాక్సీయే గతి. అక్కడ విమానం దిగిన వాళ్ళు కార్లు పెట్టే భవనంలో మూడో అంతస్తుకి వెళ్తే గానీ టాక్సీ దొరకదు. వరసలో మాకొచ్చిన బండి తాలూకు మనిషి తలపాగా చుట్టుకున్న సర్దార్జీ. నా ప్రాణం లేచొచ్చింది. మనవాడే, మాటకి లొంగుతాడు.

‘సర్దార్జీ, థోడా దేఖ్‌కే లేనా’ అన్నాను, నాకున్న హిందీ అంతా ఊడ్చి.

ఆయన నవ్వి మీటరు చూపించాడు.

దార్లో మా ఊరి గురించి చెప్పాను. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం మాదేనన్నాను, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు మావాళ్ళేనన్నాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, మీటరు తిరుగుతూనే ఉంది. రెడ్‌మండ్‌లో అమ్మాయి ఇంటి ముందు ఆగేసరికి 72 డాలర్లు. డాలరు 85 చొప్పున ఆరువేల పైమాటే. సరే, దూరం అనుకున్నాను. అప్పుడు కార్డు మిషను నా ముందుకొచ్చింది. మూడు గళ్ళు: 20 శాతం, 25 శాతం, 30 శాతం. ‘ఏమీ వద్దు’ అనే గడి కూడా ఉండే ఉంటుంది, కానీ దాన్ని నా కళ్ళద్దాలకి అందనంత చిన్న అక్షరాల్లో రాశారు.

కూరల బజారులో కొసరు అడిగేది కొనేవాడు. ఇక్కడేమో అమ్మేవాడే అడుగుతున్నాడు, పైగా శాతాల్లో! ఇరవై నొక్కితే పరువు పోతుంది, ముప్పై నొక్కితే ప్రాణం పోతుంది. మధ్యది నొక్కాను. పద్దెనిమిది డాలర్లు, అంటే పదిహేను వందల ముప్పై రూపాయలు. సర్దార్జీ మా ఆవకాయ పెట్టెలు రెండు చేతులా ఎత్తి గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు. మా ఆవిడ నన్ను చూసిన చూపులో మెచ్చుకోలు లేదు. అనుమానం ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక అల్లుడుగారి టాబ్లెట్‌లో పై చట్టం సంగతి చదివాను. దానితోపాటు ఇంకోటి దొరికింది. అమెరికాలో చాలాచోట్ల హోటల్లో వడ్డించేవాళ్ళకి యజమాని ఇవ్వాల్సింది గంటకి 2.13 డాలర్లే. 1991 నుంచీ ఆ అంకె కదల్లేదు, మిగతాది టిప్పులతో నిండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో అలా కుదరదు. అందరికీ ఇచ్చే కనీస వేతనం వాళ్ళకీ పూర్తిగా ఇవ్వాలి, 2025లో గంటకి 16.66 డాలర్లు. టిప్పు దానికి అదనం. పొద్దున్న కాఫీ దగ్గర కేసు పెట్టేశాను. ‘జీతం పూర్తిగా ముడుతుంటే మళ్ళీ మనమెందుకు ఇవ్వాలి?’

‘నిజమే మావయ్యగారూ. సాయంత్రం హోటల్‌కి వెళ్తున్నాం కదా, ఆ ముక్క మీరే చెప్దురుగాని’ అన్నారు అల్లుడుగారు.

సాయంత్రం హోటల్లో వడ్డించే పిల్ల పదిసార్లు వచ్చి ‘బాగుందా’ అని అడిగింది, మిగిలింది డబ్బాలో సర్దింది, మా ఆవిడకి వేడినీళ్ళు తెచ్చింది. నా చట్టం నోట్లోంచి బయటికి రాలేదు. అల్లుడుగారు ఇరవై శాతం రాస్తుంటే మాత్రం ‘పన్ను మీద కూడానా?’ అని గొణిగాను. అమ్మాయి బల్ల కింద నుంచి నా కాలు తొక్కింది.

ఇదేమీ దయ కాదని నాకు తెలుసు. నన్నెరిగిన పాలకొల్లులో లేని మొహమాటం, నన్నెవరూ ఎరగని రెడ్‌మండ్‌లో ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందో!

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ విమానం ఆలస్యం. మధురపూడిలో మా కారబ్బాయి మూడు గంటలు కాసుకుని ఉన్నాడు. నేను మామూలుగానే టోల్‌గేటు చర్చ మొదలెట్టి, మార్టేరులో గెలిచాను. ఇంటి దగ్గర పెట్టెలు లెక్కపెట్టుకుని తల ఎత్తేసరికి, వీధి గుమ్మం పక్కన మా ఆవిడ ఆ అబ్బాయి చేతిలో మడత నోట్లేవో పెడుతోంది.

‘ఎప్పణ్ణించి సాగుతోందిది?’ అన్నాను.

‘మీరు బేరం ఆడినప్పుడల్లా ఇస్తూనే ఉన్నానండీ. లేకపోతే మీరు ఫోన్ చెయ్యగానే ఎవరొస్తారనుకున్నారు?’ అంది.

స్టాండులో కుర్రాళ్ళు నన్ను చూడగానే లేచి నిలబడి ‘అయ్యగారు మంచి పార్టీ అండి, ఆయ్’ అంటుంటే, నా వ్యవహార దక్షతకి అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే కూరల ఖర్చులో మిగిల్చిందట. నాకు చూపించిన వంకాయల ధరలన్నీ ఇప్పుడు తిరగేసి చూసుకోవాలి.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తుంటే చెప్తున్నాను: టాక్సీకి పదిహేను నుంచి ఇరవై శాతం చాలు, పాతిక అక్కర్లేదు. పెట్టెలు మోసే మనిషికి పెట్టెకి ఒకటో రెండో డాలర్లు. చిల్లర నోట్లు ఇక్కణ్ణించే తీసుకెళ్ళండి. మధురపూడి నుంచి పాలకొల్లుకి ఎంతివ్వాలో మాత్రం నన్నడక్కండి, మా ఆవిణ్ణి అడగండి.